పైన్ గింజలు లేని పెస్టో: వాటి పని ఏ పప్పు చేస్తుంది, ఏది చెయ్యదు, ఎందుకు?

నెల్లూరు, ఒంగోలు ఇళ్ళల్లో పాస్తా ఇప్పుడు వింత వంటేమీ కాదు. టమాటా సాస్, తెల్ల సాస్ అలవాటయ్యాక చాలామంది ఆకుపచ్చటి పెస్టో వైపు చూస్తున్నారు. చూడగానే అది మన రోటి పచ్చడికి దగ్గరి చుట్టంలా ఉంటుంది. ఆకు, వెల్లుల్లి, ఉప్పు, నూనె, ఒక పప్పు వేసి నూరడమే. తీరా సరుకుల చీటీ రాసే వేళకు ‘పైన్ నట్స్’ దగ్గర కలం ఆగిపోతుంది. మామూలు కిరాణా కొట్లో అవి ఉండవు. పెద్ద సూపర్ మార్కెట్లో, ఆన్‌లైన్‌లో దొరికినా ధర కిలోకు వేల రూపాయల్లో ఉంటుంది.

బదులుగా ఏం వెయ్యాలని అడిగితే ఒకరు జీడిపప్పు అంటారు, ఒకరు వేరుశనగ అంటారు, ఇంకొకరు నువ్వులు చాలంటారు. ‘ఏదైనా అంతే కొలత వేసెయ్యండి’ అన్న మాట మాత్రం అందరి నోటా వస్తుంది. చాలా ఇళ్ళల్లో పెస్టో చెడిపోయేది ఆ ‘అంతే కొలత’ దగ్గరే. పైన్ గింజ పెస్టోలో ఏ పని చేస్తోందో తెలిస్తే, మన దగ్గర దొరికే పప్పుల్లో ఏది ఆ పనికి వస్తుందో, దానికి నూనె ఎంత మార్చాలో తేలిగ్గా తేలుతుంది.

పెస్టోకూ రోటి పచ్చడికీ తేడా ఎక్కడ

పెస్టో ఇటలీ వాయవ్య తీరంలోని లిగూరియా ప్రాంతానిది. ఆ ప్రాంతానికి ముఖ్యపట్టణం జెనోవా. ఇటాలియన్ భాషలో ‘పెస్తారే’ అంటే దంచడం, నూరడం. పేరు అక్కడి నుంచే వచ్చింది. సంప్రదాయ జెనోవా పెస్టోలో ఉండేవి ఏడు: బేసిల్ ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, గల్లుప్పు, పార్మిజానో చీజ్, గొర్రెపాలతో చేసే పెకొరీనో చీజ్, ఆలివ్ నూనె. పాలరాతి రోట్లో చెక్క రోకలితో నూరతారు.

మన పచ్చడికీ దీనికీ అసలు తేడా నాలుగు విషయాల్లో ఉంది. ఇందులో ఆకు పచ్చిది, వేయించరు. పులుపు లేదు. మిరప లేదు. తాలింపు లేదు. మన కొత్తిమీర పచ్చడిలో పప్పు వాసన కాస్త అటూ ఇటూ అయినా చింతపండు, పచ్చిమిర్చి, ఇంగువ తాలింపు దాన్ని కప్పేస్తాయి. పెస్టోలో అలా కప్పేది ఏదీ లేదు. పప్పు పాతదైతే పాత వాసన, మాడితే మాడు వాసన తిన్నగా నాలుక మీదికి వస్తాయి. పచ్చడికి పనికొచ్చిన పప్పే పెస్టోను పాడుచెయ్యడానికి కారణం ఇదే.

ఆకు సంగతి కూడా ఒక మాట. ఎండాకాలంలో షర్బత్తులో వేసే సబ్జా గింజలు బేసిల్ జాతి మొక్కవే. ఆ మొక్కను కొన్నిచోట్ల రుద్రజడ అంటారు. గుప్పెడు సబ్జా చల్లితే కుండీలో మొలుస్తుంది. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, చలి రోజుల్లో ఆకు లేతగా, తియ్యటి వాసనతో వస్తుంది. ఎండ ముదిరి పూత పట్టాక ఘాటెక్కుతుంది. సబ్జా నుంచి మొలిచిన ఆకులో జెనోవా రకం కన్నా సోంపు వాసనో లవంగం ఘాటో కాస్త ఎక్కువగా ఉండొచ్చు. అలాంటి ఆకుకు మెత్తని రుచి ఉన్న, నూనె దండిగా ఉన్న పప్పే జోడీ. పెరట్లో పూజించే తులసి వేరే జాతి. దాని ఘాటు ముందు ఏ పప్పూ నిలవదు.

చిల్గోజా, పైన్ గింజ ఒకటేనా

పైన్ గింజ అంటే దేవదారు లాంటి సూదాకుల చెట్టయిన పైన్ కాయలోని పప్పు. మధ్యధరా తీరంలో తినేది ఒక జాతి పైన్‌ది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ ప్రాంతం నుంచి వచ్చే చిల్గోజా మరో జాతి పైన్‌ది. సన్నగా, పొడుగ్గా, గోధుమరంగు పెంకుతో ఉంటుంది. పెంకు ఒలిస్తే లోపల తెల్లటి పప్పు. పెస్టోకు ఇది నిక్షేపంగా సరిపోతుంది, దీన్ని ‘బదులు’ అని కూడా అనక్కర్లేదు. అడ్డు వచ్చేవి ధర, ఒలిచే శ్రమ మాత్రమే. పెంకుతో కొంటే తూకంలో కొంత పెంకుకే పోతుందని లెక్కలో పెట్టుకోవాలి.

దిగుమతి పైన్ గింజల్లో మరో చిక్కు ఉంది. చైనా తెల్ల పైన్ అనే ఒక జాతి గింజలు తిన్న కొందరికి ఒకటి రెండు రోజుల తర్వాత నోరంతా చేదుగా, లోహపు రుచిగా మారుతుంది. ఏం తిన్నా చేదే తగులుతుంది. వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా ఉండి దానంతటదే పోతుంది. ప్రమాదం లేదు కానీ ఆ బాధ పడినవాళ్ళు మళ్ళీ ఆ గింజ జోలికి పోరు. డబ్బు కారణంగా కాకుండా ఈ కారణంగా బదులు వెతికేవాళ్ళూ ఉన్నారు.

గింజ చేసే మూడు పనులు

ఒకటి, కొవ్వు. పైన్ గింజ బరువులో మూడింట రెండు వంతులు నూనే. వంద గ్రాముల్లో దాదాపు 68 గ్రాములు. పెస్టో నోట్లో వెన్నలా జారడానికి సీసాలోంచి పోసే నూనె ఒక్కటే చాలదు. నలిగిన గింజలోంచి ఊరే నూనె కూడా కావాలి.

రెండు, పట్టు. ఆకు నలిగితే నీరు వస్తుంది. పైన నూనె పోస్తాం. నీరూ నూనే కలవవు. గింజలోని మాంసకృత్తులు, సన్నని పిప్పి ఆ రెంటి మధ్యా నిలిచి విడిపోకుండా పట్టుకుంటాయి. చీజ్ కూడా ఇందులో చెయ్యి వేస్తుంది. గింజ తక్కువైనా బరకగా ఉండిపోయినా గిన్నెలో పైన నూనె తేలి, అడుగున ఆకు ముద్ద మిగులుతుంది.

మూడు, రుచిని నెమ్మదింపజెయ్యడం. పచ్చి వెల్లుల్లి ఘాటు, ఆకు చేదు, చీజ్ ఉప్పదనం, ఈ మూడింటినీ పైన్ గింజ తన లేత తీపితో దగ్గరికి తెస్తుంది. తన వాసన మాత్రం పైకి రానివ్వదు. బదులు పప్పులన్నీ ఎక్కువగా తప్పేది ఈ మూడో పరీక్షలోనే.

20 గ్రాముల లెక్క

ఒక మామూలు కొలత తీసుకుందాం. కాడలు తీసిన ఆకు 50 గ్రాములు, పైన్ గింజలు 20 గ్రాములు, చిన్న వెల్లుల్లి రెబ్బ ఒకటి, తురిమిన చీజ్ 40 గ్రాములు, నూనె 60 మిల్లీలీటర్లు, చిటికెడు గల్లుప్పు. ఇది 350 నుంచి 400 గ్రాముల ఎండు పాస్తాకు, అంటే నలుగురికి సరిపోతుంది.

ఆ 20 గ్రాముల పైన్ గింజల్లో కొవ్వు సుమారు 13.6 గ్రాములు. అదే బరువు జీడిపప్పు వేస్తే 8.8 గ్రాములే వస్తుంది. అంటే దాదాపు 5 గ్రాముల లోటు. ఒక టీస్పూన్ నూనె అదనంగా పోస్తే సరిపోతుంది. వేరుశనగ, గుమ్మడి పప్పు 9.8 గ్రాములు, బాదం, నువ్వులు 10 గ్రాముల దగ్గర ఉంటాయి. పొద్దుతిరుగుడు పప్పుదీ ఇంచుమించు అంతే. వీటన్నిటికీ ముప్పాతిక టీస్పూన్ చాలు. వాల్‌నట్‌లో 13 గ్రాములు ఉంటుంది కాబట్టి ఏమీ మార్చక్కర్లేదు. గుల్ల శనగపప్పు, అదే పుట్నాలపప్పు దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. 20 గ్రాముల్లో కొవ్వు గ్రామున్నర కూడా ఉండదు. లోటు 12 గ్రాముల పైమాటే. రెండున్నర టీస్పూన్లకు మించి నూనె పోస్తే తప్ప పూడదు, పోసినా పొడి పిండి దాన్ని పీల్చేసి ముద్ద కడుతుంది.

ఈ లెక్క పప్పును తూకం వేసినప్పుడే పనిచేస్తుంది. చెంచాతో కొలిస్తే తప్పుతుంది. ఒక టేబుల్‌స్పూన్ పైన్ గింజలు 9 గ్రాముల దగ్గర తూగుతాయి. అదే చెంచాలో జీడిపప్పు బద్దల మధ్య గాలే ఎక్కువ, పొడి కొట్టి నింపితే బరువే మారిపోతుంది. వంటింట్లో చిన్న తూకం యంత్రం లేకపోతే, పప్పును ఆవగింజంత నలగ్గొట్టి రెండు చెంచాలు సమంగా తీసుకుంటే తేడా చాలావరకు తగ్గుతుంది.

జీడిపప్పు: అన్నిటికన్నా దగ్గర, కానీ పిండి ఉంది

మన ప్రాంతానికి ఇది చేతికందే పప్పు. ఉమ్మడి ప్రకాశం జిల్లా వేటపాలెం పేరు చెబితే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది జీడిపప్పే. పెస్టోకు గుండు పప్పు కొనక్కర్లేదు. ముక్క చాలు, బద్ద అయినా ఫరవాలేదు. ఎలాగూ నూరేదే. చూడాల్సింది తాజాదనం. పచ్చిది ఒకటి నమిలితే పాల తీపి తగలాలి. గొంతులో జివ్వుమన్నా, పాత నూనె వాసన వచ్చినా వద్దు.

రుచిలో పైన్ గింజకు ఇంత దగ్గరగా వచ్చే పప్పు మరొకటి కొట్లో దొరకదని ఖాయంగా చెప్పొచ్చు. సీసాల్లో అమ్మే చాలా పెస్టోల లేబుల్ తిప్పి చూసినా పైన్ గింజల కన్నా ముందు జీడిపప్పే కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, జీడిపప్పులో ఐదో వంతుకు పైగా పిండిపదార్థం ఉంది. పైన్ గింజలో అది నామమాత్రం. చల్లగా ఉన్నంతసేపు తేడా తెలియదు. వేడి పాస్తాలో కలపగానే ఆ పిండి నీరు పీల్చి ఉబ్బుతుంది. కుర్మాలో జీడిపప్పు ముద్ద వేస్తే గ్రేవీ చిక్కబడడానికి కారణం ఇదే. కుర్మాకు అది వరం. పెస్టోకు మాత్రం అతుక్కుపోయిన ముద్దలు. అందుకని జీడిపప్పు పెస్టో గిన్నెలో కొంచెం జారుగానే కనిపించాలి. కలిపేటప్పుడు పొయ్యి ఆపేసి, పాస్తా ఉడికిన నీళ్ళు రెండు మూడు టేబుల్‌స్పూన్లు దగ్గర ఉంచుకుని, ఒక్కొక్కటిగా పోస్తూ కలపాలి.

రెండో చిక్కు తీపి. జీడిపప్పు పైన్ గింజ కన్నా తియ్యన, దాని వెనక ఉండే లేత బంక వాసన దీనికి లేదు. నాలుగు చుక్కల నిమ్మరసం ఈ తేడాను సరిచేస్తుంది. పొదలకూరు వైపు నిమ్మకాయ రసం దండిగా ఉంటుంది, పావు చెక్క కూడా పట్టదు. అంతకు మించితే పచ్చడి పులుపు వచ్చేస్తుంది.

నానబెట్టాలా? కూర మసాలాకు నానబెడతాం. ఇక్కడ వద్దు. నానిన పప్పు మోసుకొచ్చే నీరు పెస్టోను పాలచట్నీ చేస్తుంది, నిల్వ కూడా తగ్గిస్తుంది.

వేరుశనగ వేస్తే ఎందుకు పచ్చడవుతుంది

ఇసుక నేలల వేరుశనగ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, చవక. కొవ్వు లెక్కలో కూడా బాగానే నిలుస్తుంది. పైగా మాంసకృత్తులు వందకు 26 గ్రాముల దాకా ఉన్నాయి కాబట్టి నూనెను గట్టిగా పట్టి ఉంచుతుంది. మొదటి రెండు పనుల్లో దీన్ని వంకపెట్టలేం.

మూడో పనిలోనే ఓడిపోతుంది. వేరుశనగను వేయించినప్పుడు వచ్చే వాసన చాలా బలమైనది. వేడికి మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి పుట్టించే ఆ వాసన ఇడ్లీ పక్కన చట్నీలో ఎంత ఇష్టమో, పెస్టోలో అంత దాడి చేస్తుంది. తెలుగు నాలుకకు ఆ వాసన తగలగానే మనసు చట్నీ అనేస్తుంది, ఆకు ఎంత మంచిదైనా వెనక్కి పోతుంది. గానుగ వేరుశనగ నూనె కూడా తోడైతే ఇక ఆకు ఎక్కడా కనపడదు.

అయినా వాడాలనుకుంటే మార్గం ఉంది. గుళ్ళను సన్న సెగ మీద తడి వాసన పోయేదాకా, రంగు మారకముందే, నాలుగైదు నిమిషాలు వెచ్చబెట్టాలి. వగరు అంతా పొట్టులోనే ఉంటుంది కాబట్టి పొట్టు పూర్తిగా తీసెయ్యాలి. 20 గ్రాములకు బదులు 12 గ్రాములు తీసుకుని, మిగతా 8 గ్రాములు జీడిపప్పు ముక్కతో నింపితే వాసన సగానికి దిగుతుంది. నూనె వాసన లేనిది పోయాలి. ముడుచుకున్న, నల్లబడిన, బూజు మచ్చ ఉన్న గుళ్ళు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినంత మాత్రాన పోదు.

నువ్వులు, పొద్దుతిరుగుడు, గుమ్మడి, పుచ్చ

నువ్వుల్లో చేదు పొట్టుది. నల్ల నువ్వులు ఇక్కడికి వద్దే వద్దు. పొట్టు తీసిన తెల్ల నువ్వులే తీసుకోవాలి. గింజ మరీ చిన్నది కావడంతో మిక్సీలో బ్లేడు కింద తప్పించుకుని జార్ గోడలకు అంటుకుపోతుంది. ఆకుతో కలిపి వేస్తే చివరిదాకా నలగదు, నలగని నువ్వు నూనె వదలదు. లెక్కలో పది గ్రాముల కొవ్వు ఉన్నా పెస్టోకు చేరేది అందులో కొంతే. విడిగా, పొడిగా, ఉప్పుతో కలిపి ముందు మెత్తగా నూరుకోవడమే దీనికి మందు. ఒంటరిగా 20 గ్రాములు వేస్తే చిమ్మిలి వాసన కొడుతుంది. 8 గ్రాముల నువ్వులు, 12 గ్రాముల జీడిపప్పు కలిపితే మాత్రం చాలా నిండైన రుచి. బదులుల్లో నాకు అన్నిటికన్నా నచ్చే జత ఇదే. జీడిపప్పులో లేని ఆ వెనక వాసనను నువ్వు పూడుస్తుంది.

పొద్దుతిరుగుడు పప్పు రుచికి నెమ్మది, ధరకు అందుబాటు, జీడిపప్పు, బాదం లాంటి చెట్టుపప్పులు పడనివాళ్ళకు చాలావరకు దారి. కాస్త మట్టి వాసన ఉంటుంది, రెండు నిమిషాలు వెచ్చబెడితే తగ్గుతుంది. పెస్టో రంగు కొద్దిగా బూడిద ఛాయకు తిరగడం దీని లోపం. ఉప్పు వేసి వేయించిన పొట్లాలు కొంటే వంటలో ఉప్పు ఎటు పోతుందో తెలియదు, పచ్చిదే కొనాలి.

గుమ్మడి పప్పు ఆకుపచ్చగా ఉండడం వల్ల పెస్టో రంగు నిలుస్తుంది. వందకు 30 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉండడం వల్ల పట్టు గట్టిగా ఉంటుంది, చీజ్ మానేసేవాళ్ళకు ఇది కలిసొచ్చే గుణం. ఇంట్లో కోసిన కాయ గింజలు, పుచ్చ, దోస గింజలు ఎండబెట్టి ఒలిచి వాడినా సరే. ఒక్క జాగ్రత్త. చేదు దోసకాయను మనం పారేస్తాం కదా, ఆ చేదు గింజల్లోనూ ఉంటుంది. అది కడుపు పాడుచేసే చేదు. ఒక గింజ నమిలి చూడకుండా ఏ తీగ జాతి గింజనూ రోట్లో వెయ్యకూడదు.

వాల్‌నట్, బాదం

వాల్‌నట్ కొవ్వు లెక్కలో పైన్ గింజకు సమానం. లిగూరియాలోనే వాల్‌నట్‌తో చేసే వేరే సాస్ ఉంది కాబట్టి ఆ రుచి అక్కడివాళ్ళకూ కొత్త కాదు. చేదంతా పైన ఉండే పల్చటి తోలుది. మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి బట్టలో రుద్దితే చాలావరకు ఊడుతుంది, తర్వాత పూర్తిగా ఆరాలి. దీని నూనె త్వరగా చెడుతుంది. నెల్లూరు మే ఎండల్లో బయట అల్మరాలో పెట్టిన వాల్‌నట్ కొన్ని వారాలకే రంగు డబ్బా వాసన కొడుతుంది. కొన్నది కొన్నట్టు ఫ్రిజ్‌లో పెట్టాలి.

బాదం గట్టిది, ఎంత తిప్పినా సన్న రవ్వగా మిగులుతుంది. వేడినీళ్ళలో నిమిషం ఉంచి తోలు తీసి, ఆరబెట్టి, ముందుగా పొడి కొట్టాలి. రవ్వ తగలడం ఇష్టపడేవాళ్ళకు బాగుంటుంది. సిసిలీలోని ట్రాపానీ పెస్టోలో టమాటాతో కలిసేది బాదమే.

పట్టు మాత్రమే ఇచ్చేవి, అసలు పనికిరానివి

గుల్ల శనగపప్పు కొవ్వు ఇవ్వదు, పట్టు మాత్రం దండిగా ఇస్తుంది. నూనె తేలిపోయిన పెస్టోను బాగుచెయ్యడానికి ఒక టీస్పూన్ పొడి పనికొస్తుంది. పూర్తి బదులుగా వేస్తే నాలుకకు పిండి తగులుతుంది. తప్పనప్పుడు 10 గ్రాములకు మించకుండా వేసి, నూనె ఒక టేబుల్‌స్పూన్ పెంచడమే.

పచ్చికొబ్బరిలో కొవ్వు మూడో వంతే, నీరు సగానికి దగ్గర. వేస్తే కొబ్బరి పచ్చడి అవుతుంది, మరుసటి రోజుకే పులుస్తుంది. అవిసెలు, సబ్జా, చియా మాత్రం అసలే వద్దు. తడి తగలగానే జిగురు వదులుతాయి, పెస్టో బెండకాయ జిగురులా సాగుతుంది. ‘ఆరోగ్యానికి మంచిది’ అని అవిసెలు కలిపి, ఎందుకిలా అయిందో తెలియక ఆకును తప్పుపట్టడం చాలా ఇళ్ళల్లో జరిగేదే.

వేయించాలా, వద్దా

ఇక్కడ రెండు పక్షాలు ఉన్నాయి. జెనోవా పద్ధతిలో పైన్ గింజను వేయించరు. పచ్చి గింజలోని పాల తీపి ఆకును మోస్తుందని, వేయిస్తే గింజే పెత్తనం చేస్తుందని వాళ్ళ వాదన. రెండో పక్షం, వేయిస్తే వాసన పెరుగుతుంది, తడి పోయి బాగా నలుగుతుంది, పచ్చివాసన పోతుంది అంటుంది. రెంటిలోనూ నిజం ఉంది. తేడా పప్పును బట్టి వస్తుంది. పచ్చిగానే తియ్యగా ఉండే జీడిపప్పు, బాదం, చిల్గోజా విషయంలో మొదటి పక్షమే సరి. పచ్చిగా వగరో మట్టి వాసనో ఉన్న వేరుశనగ, పొద్దుతిరుగుడు, గుమ్మడి, నువ్వుల విషయంలో రెండో పక్షాన్ని వినాలి. అయితే ‘దోరగా’ అన్న మన మాటను ఇక్కడ ఒక మెట్టు కిందికి దించాలి. రంగు మారేదాకా కాదు, చేతికి వేడి తగిలి వాసన మొదలయ్యేదాకా. వేయించిన పప్పు పూర్తిగా చల్లారాకే ఆకు కలవాలి. వెచ్చటి పప్పు తగిలిన ఆకు నిమిషాల్లో నల్లబడుతుంది, ఆ తప్పు మిక్సీ మీద పడుతుంది.

మిక్సీకీ తన వంతు తప్పు ఉంది. బ్లేడు వేడి, జార్‌లో కలిసే గాలి ఆకును నల్లబరుస్తాయి. చట్నీ జార్‌ను పావుగంట ఫ్రీజర్‌లో ఉంచి, మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పితే తగ్గుతుంది. రాతి రోలైతే వేడి గొడవ లేదు, కానీ కారం, చింతపండు పీల్చిన రోలు తన వాసన తాను ఇస్తుంది. ముందు గుప్పెడు బియ్యం, గల్లుప్పు వేసి నూరి పారబోసి, కడిగి, తుడిచి వాడాలి. వరస మాత్రం రెంటికీ ఒకటే. వెల్లుల్లి, ఉప్పు, తర్వాత పప్పు, అది వెన్నలా అయ్యాక ఆకు. చీజ్, నూనె చివర్న చెక్క గరిటెతో కలపడం మేలు. ఉదయగిరి చెక్క గరిటెలు ఇంట్లో ఉంటే ఈ పనికి అంతకన్నా తగినవి లేవు.

చీజ్ కూడా మానేస్తే

అసలు పార్మిజానోను దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు. శాకాహారులు కొందరు అందుకే మానేస్తారు. సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసినవి దొరుకుతాయి, పొట్లం మీద ఆకుపచ్చ చుక్క చూడాలి. చీజ్ పూర్తిగా తీసేస్తే దానితో పాటు ఉప్పు దాదాపు ఒక గ్రాము, కొవ్వు, పట్టు కూడా పోతాయి. అప్పుడు పప్పు 20 నుంచి 35 గ్రాములకు పెంచాలి. జీడిపప్పు 20, గుమ్మడి 15 కలిపితే పిండి మరీ ఎక్కువ కాకుండా నిలుస్తుంది.

ఇది పెస్టోనేనా

పేరు మీద వాదం చిన్నది కాదు. జెనోవా బేసిల్‌కు యూరప్‌లో 2005 నుంచి ప్రాంతపు పేరు రక్షణ ఉంది, మన దగ్గర భౌగోళిక గుర్తింపు లాంటిది. తమ నేల, తమ ఆకు, తమ గింజ కలిసినదే జెనోవా పెస్టో అని వాళ్ళు పట్టుబట్టడం, నెల్లూరు చేపల పులుసును మరో ఊరివాళ్ళు మామిడికాయ లేకుండా చేస్తే మనకు కలిగే బాధ లాంటిదే. దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు.

ఎదుటి వాదానికీ బలం ఉంది. 1860ల్లో జెనోవాలో అచ్చయిన వంటకంలోనే బేసిల్ దొరక్కపోతే వేరే ఆకులు వాడొచ్చని, హాలండ్ చీజ్ వెయ్యమని ఉంది. పక్కనే ఉన్న ఫ్రాన్స్ ప్రొవాన్స్‌లో ఇలాగే నూరే పిస్తూ అనే ముద్దలో అసలు గింజే ఉండదు. అంటే దొరికినదానితో నూరడం ఆ వంట పుట్టుకలోనే ఉంది. నా దృష్టిలో ‘జీడిపప్పు పెస్టో’, ‘నువ్వుల పెస్టో’ అని పప్పు పేరు ముందు పెట్టి పిలవడం రెండు పక్షాలకూ న్యాయం. తినేవాళ్ళకు లోపల ఏముందో కూడా అప్పుడే తెలుస్తుంది. అలర్జీ ఉన్నవాళ్ళకు అది ప్రాణం మీది విషయం.

పప్పు పడనివాళ్ళు చూసుకోవలసినవి

వేరుశనగ పప్పుధాన్యాల కుటుంబానిది. జీడిపప్పు, వాల్‌నట్, బాదం చెట్టుకు కాసేవి. ఒకటి పడకపోతే మరొకటి తప్పక పడదనీ లేదు, తప్పక పడుతుందనీ లేదు. జీడిపప్పు, పిస్తా ఒకే కుటుంబానివి, ఒకటి పడనివాళ్ళకు రెండోది కూడా పడకపోవడం తరచుగా కనిపిస్తుంది. నువ్వులు గింజే కదా అనుకోవద్దు, నువ్వుల అలర్జీ కూడా తీవ్రంగా రావచ్చు. అమెరికాలో 2023 నుంచి లేబుల్ మీద నువ్వులను ప్రధాన అలర్జీ పదార్థంగా చూపడం తప్పనిసరి. ఇంటికి వచ్చేవాళ్ళలో ఎవరికి ఏది పడదో తెలియనప్పుడు ఏ గింజా లేకుండా, పిస్తూ పద్ధతిలో ఆకు, వెల్లుల్లి, చీజ్, నూనెతోనే చెయ్యడం క్షేమం. పట్టు కాస్త తగ్గుతుంది, అంతే. పప్పు నూరిన మిక్సీ జార్, రోలు కూడా వాళ్ళకు ప్రమాదమే.

ఇది ఊరగాయ కాదు

పైన నూనె తేలితే నిలవ ఉంటుందన్న నమ్మకం మనకు ఆవకాయ నుంచి వచ్చింది. ఆవకాయను కాచేది ఉప్పు, పులుపు. నూనె వాటికి తోడు మాత్రమే. పెస్టోలో ఉప్పు తక్కువ, పులుపు లేదు. నూనె కింద గాలి అందని చోట పచ్చి వెల్లుల్లి ఉంటే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు కలిగించే సూక్ష్మజీవికి అనువైన చోటు దొరుకుతుంది. రుచిలో, వాసనలో ఏమీ తెలియకుండానే అది విషం చేస్తుంది. కాబట్టి బయట గంటల తరబడి ఉంచకూడదు. గాజు సీసాలో పైన పల్చగా నూనె పోసి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడెయ్యాలి. ఆ నూనె పొర రంగు కోసం, నిలవ కోసం కాదు.

ఎక్కువ రోజులు కావాలంటే ఐస్ ట్రేలో గడ్డ కట్టించాలి. పప్పును బట్టి ఇక్కడా తేడా ఉంది. వాల్‌నట్, చిల్గోజాతో చేసినవి ఫ్రీజర్‌లోనూ రెండు మూడు నెలలకు వాసన తిరుగుతాయి. జీడిపప్పు, బాదం ఎక్కువ కాలం ఆగుతాయి, కానీ కరిగాక జీడిపప్పుది గట్టి ముద్దగా ఉంటుంది. అప్పుడు నూనె పోస్తే జిడ్డు మిగులుతుంది, ముద్ద విడదు. దానికి కావలసింది ఒక చెంచా వేడినీళ్ళు.